ఆయన మెడల్స్ అన్నీ డిశ్చార్జి బుక్కులోకి ఎక్కాయా?

మీ ఇంట్లో మిలిటరీలో పనిచేసి వచ్చినవారు ఉన్నారా? మీవారో, మామగారో, నాన్నగారో, తాతగారో? ఉంటే ఈ వారం ఒక్క పని చెయ్యండి. బీరువాలో పట్టుచీరల కిందో, అటక మీద ట్రంకు పెట్టెలోనో ఆయన డిశ్చార్జి బుక్కు ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ‘మెడల్స్, డెకరేషన్స్’ అని ఉన్న చోట ఏం రాశారో చూడండి. తర్వాత గోడ మీది యూనిఫారం ఫోటోలో ఆయన ఛాతీ మీద రిబ్బన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండూ సరిపోయాయా?

సరిపోకపోతే కంగారు పడకండి. అలా తేడా రావడానికి కారణాలున్నాయి. సరిచేయించుకునే దారి కూడా ఉంది. నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున సంగం లాంటి ఊళ్ళో కూర్చుని, ఎక్కడో కొండల మీది ఆఫీసులో ఉన్న కాయితాన్ని దిద్దించడం మనవల్ల అవుతుందా అనుకోకండి. అవుతుంది. కాకపోతే ఓపిక కావాలి. ఆయన మన మధ్య ఉండగానే మొదలుపెడితే పని సగం తేలిక.

ఎందుకు తప్పిపోతాయి?

యుద్ధం ముందు, మెడల్ తర్వాత. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పాకిస్తాన్‌తో యుద్ధం 1965లో జరిగితే, దానికి సంబంధించిన సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఏర్పాటైంది 1967లో. ఈ మధ్యలో సర్వీసు పూర్తిచేసుకుని ఇంటికి వచ్చేసినవారికి మెడల్ సంగతి ఎవరు చెప్పాలి? పటాలం ఎక్కడికో కదిలిపోయి ఉంటుంది. మనిషి పొలం పనుల్లో పడి ఉంటాడు.

ఇంకో కారణం గుమాస్తా పని. సైన్యంలో ఒక మనిషికి సంబంధించిన ఏ మార్పయినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, మెడల్ వచ్చినా, పార్ట్ టూ ఆర్డర్ అనే కాయితంలో వెలువడాలి. దాన్నిబట్టే రికార్డు ఆఫీసువారు పుస్తకంలో ఎక్కిస్తారు. ఆయన సొంత పటాలం వదిలి వేరే పటాలానికి తాత్కాలికంగా వెళ్ళినప్పుడో, గాయపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడో ఆ కాయితం వెలువడకపోతే, ఆ మెడల్ రికార్డులో లేనట్టే.

ఎవరికి ఏం రావాలి?

ఆయన సర్వీసు తేదీలు ముందు పెట్టుకుని ఈ జాబితా చూడండి. ప్రతి మెడల్‌కూ ఇన్ని రోజులు పనిచేసి ఉండాలని షరతులుంటాయి. వాటిని తేల్చేది రికార్డు ఆఫీసు. అడగడానికి మాత్రం ఇది చాలు.

1965 ఆగస్టు 5 నుంచి 1966 జనవరి 25 లోపల యుద్ధరంగంలో ఉన్నవారికి సమర్ సేవా స్టార్. యుద్ధరంగానికి వెళ్ళకపోయినా అప్పుడు సర్వీసులో ఉన్నవారు రక్షా మెడల్ సంగతి అడగాలి.

1971 యుద్ధంలో బంగ్లాదేశ్ వైపు పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి సరిహద్దులో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్. ఆ కాలంలో సర్వీసులో ఉన్నవారు సంగ్రామ్ మెడల్ కోసం కూడా చూడాలి.

1987, 1990 మధ్య శ్రీలంక వెళ్ళి వచ్చినవారికి స్పెషల్ సర్వీస్ మెడల్, దాని రిబ్బను మీద ‘శ్రీలంక’ అనే పట్టీ. 1999 కార్గిల్ యుద్ధానికి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్.

యుద్ధంతో సంబంధం లేనివీ ఉన్నాయి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉంటే స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉంటే స్వర్ణోత్సవ మెడల్. తొమ్మిదేళ్ళ సర్వీసుకు ఒకటి, ఇరవై ఏళ్ళకు ఒకటి. శత్రువు చేతిలో గాయపడినవారికి వూండ్ మెడల్ వేరే ఉంది. కాలిలో తూటా మచ్చ ఉండి, పుస్తకంలో ఈ మెడల్ లేకపోతే తప్పకుండా అడగవలసిందే.

లోటు మూడు రకాలు

అర్జీ రాసేముందు మీ ఇంటి లోటు ఏ రకమో తేల్చుకోండి. పుస్తకంలో ఉంది, బిళ్ళ మాత్రం చేతికి రాలేదు, ఇది ఒకటి. రావలసి ఉంది గానీ పుస్తకంలోనే లేదు, ఇది రెండోది. వచ్చింది, ఇల్లు మారేటప్పుడో వరదల్లోనో పోయింది, ఇది మూడోది. మొదటిదానికి పంపమని అడిగితే చాలు. రెండోదానికి రుజువులు చూపించాలి. మూడోదానికి ఎలా పోయిందో రాసిచ్చి, బదులు మెడల్ కోసం రుసుము కట్టుకోవాలి. మూడూ కలిపి ఒకే అర్జీలో రాస్తే అక్కడివాళ్ళకీ అయోమయం, మనకీ ఆలస్యం.

“డబ్బులొస్తాయా?”

“ఎవరిక్కావాలమ్మా ఇప్పుడా బిళ్ళలు?” అని ఆయనే విసుక్కోవచ్చు. నిజం చెప్పుకుందాం. పైన చెప్పిన యుద్ధ మెడల్స్‌కు నెలనెలా డబ్బు రాదు. నెలనెలా భత్యం వచ్చేది సాహస పురస్కారాలకు. 2017 ఆగస్టు 1 నుంచి పరమవీర చక్రకు రూ. 20,000, మహావీర చక్రకు 10,000, వీరచక్రకు 7,000, సాహసానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000 చొప్పున నిర్ణయించారు. ఆయన తర్వాత ఆ భత్యం భార్యకు వస్తుంది. ఒకప్పుడు ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది ఆగిపోయేది. భర్త సోదరుణ్ణి చేసుకుంటేనే కొనసాగేది! 2017 నవంబరులో ఆ షరతు తీసేశారు. అంచేత సాహస పురస్కారం రికార్డులో సరిగ్గా ఎక్కిందా లేదా అన్నది ఆమె జీవనానికి సంబంధించిన సంగతి.

మిగతా మెడల్స్ విలువ వేరు. తెలుగువాళ్ళలో సైన్యంలో చేరినవారు తక్కువేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రాసి ఉంచనిది ఎలా మాయమవుతుందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారి తరఫున చనిపోయినవారిలో కనీసం 1,16,000 మంది, బహుశా మూడున్నర లక్షల మంది దాకా, పేరుతో స్మరణకు నోచుకోలేదనో, అసలు ఏ స్మారకమూ లేదనో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒప్పుకుంది. వారిలో ఎక్కువమంది ఆఫ్రికావారు, మధ్యప్రాచ్యంవారు. భారతీయుల విషయంలోనూ అన్యాయం జరిగిందని అదే నివేదిక చెప్పింది. పేర్లు వెతికి చేర్చే పని వందేళ్ళ తర్వాత చెయ్యవలసి వస్తోంది. మన ఇంటి సంగతికి అన్నేళ్ళు ఆగక్కర్లేదు కదా!

పేరులోనే పేచీ

మెడల్ కోసం తెరిచిన పుస్తకంలోనే మీ పేరు, మీ పుట్టిన తేదీ, పిల్లల పేర్లు కూడా చూసుకోండి. ఇది మరిచిపోవద్దు. మన నెల్లూరు పేర్లు ఉత్తరాది గుమాస్తా చేతిలో పడితే ఏమవుతాయో తెలిసిందే. పెంచలయ్య కాస్తా పంచాలయ్య అవుతాడు. పెంచలమ్మ పంచమ్మ అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక కుటుంబ పెన్షన్‌కు వెళితే, “ఆధార్‌లో ఉన్న పెంచలమ్మ, పెన్షను కాయితంలో ఉన్న పంచమ్మ ఒకరేనా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన ఉండగా ఒక సంతకంతో అయిపోయే పని. తర్వాత నెలల తరబడి తిరగాలి.

ఊరి పేరుతోనూ ఇదే తంటా. సంగం మనిషి 1950లో చేరితే రికార్డులో మద్రాసు రాష్ట్రం అని ఉంటుంది. 1953 అక్టోబరు 1 తర్వాత ఆంధ్ర, 1956 నవంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్. అప్పుడు ఆత్మకూరు తాలూకా, 1985లో మండలాలు వచ్చాక సంగం మండలం. జిల్లా పేరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. అందుకే అర్జీలో పాత చిరునామా, ఇప్పటి చిరునామా రెండూ రాయండి.

అర్జీ ఎలా పెట్టాలి?

మొదటి మెట్టు నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. సంగంలో బస్సెక్కితే బుచ్చిరెడ్డిపాళెం మీదుగా వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. డిశ్చార్జి బుక్కు, పెన్షను కాయితం, ఆధార్, ఫోటోల జిరాక్సులు తీసుకెళ్ళండి. అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో రాయడానికి అక్కడ సాయం అడగండి.

అర్జీ వెళ్ళవలసింది ఆయన పటాలం రికార్డు ఆఫీసుకు. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఇ.ఎం.ఇ.కి సికిందరాబాద్. ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, డిశ్చార్జి బుక్కులో ఉన్నట్టే పేరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ఏ మెడల్ లేదు, అది రావాలని ఎందుకు అనుకుంటున్నారు, ఇవి ఒక పేజీలో సరిపోవాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అసలు కాయితాలు ఎవరికీ పంపకండి, జిరాక్సులే.

రుజువుల కోసం మీ దగ్గరున్న పాత ఉత్తరాలు వెతకండి. 56 ఎ.పి.ఓ., 99 ఎ.పి.ఓ. అని చిరునామా ఉన్న ఇన్లాండు కవర్లు, వాటి మీది తేదీ ముద్రలు, మనీఆర్డరు కూపన్లు, తోటివారితో దిగిన ఫోటోలు. ఇవే సాక్ష్యం అయిపోవు గానీ, ఆయన ఎప్పుడు ఏ పటాలంతో ఉన్నారో చెబుతాయి. ఆ ఆనవాలుతో రికార్డు ఆఫీసువారు తమ కాయితాల్లో వెతుకుతారు. ఆయన పక్కనే ఉంటే ఇంకేం! కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, “ఆ ఏడాది ఎక్కడున్నారు, మీ కంపెనీ కమాండరెవరు?” అని అడిగి నోటుబుక్కులో రాసిపెట్టండి.

జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, రికార్డులో ఏయే మెడల్స్ ఉన్నాయో తెలపమని అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆయన లేకపోతే మీరు భార్యేనని చూపే పెన్షను కాయితం నకలు కూడా పెట్టండి. అన్నీ అయ్యాక కూడా న్యాయం జరగలేదనుకుంటే చెన్నైలో సాయుధ దళాల ట్రైబ్యునల్ బెంచి ఉంది. అది చివరి మెట్టు. చాలా పనులకు అంతదూరం అక్కర్లేదు.

చింతపండు పెట్టి తోమకండి!

ఉన్న మెడల్స్‌ను ఇత్తడి చెంబుల్లా చింతపండు, బూడిద పెట్టి తోమారంటే అంతే సంగతులు. మెడల్ అంచు చుట్టూ ఆయన నంబరు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. రుద్దితే అరిగిపోయేవి అవే. అదే రేపు ఆ మెడల్ ఆయనదని చెప్పే ఆధారం. మెత్తని పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బను ఉతకవద్దు, రంగు దిగుతుంది. డిశ్చార్జి బుక్కును లామినేషన్ చేయించకండి, తర్వాత విప్పలేరు. పాత నూలుచీర ముక్కలో చుట్టి, ఎండు వేపాకు వేసి, తడి తగలని చోట పెట్టండి. రెండు జిరాక్సులు తీయించి ఒకటి కూతురి ఇంట్లో ఉంచండి.

పుస్తకంలో ఆ ఒక్క వరుస చేరినందువల్ల పొయ్యి మీద గిన్నె పెద్దదవదు. కానీ మనవడు “తాతయ్య ఏ యుద్ధంలో ఉన్నాడు?” అని అడిగినప్పుడు కాయితం చూపించి చెప్పగలుగుతారు. మీ పేరు కూడా సరిగ్గా ఉందని గుండె మీద చెయ్యేసుకుని పడుకోగలుగుతారు. ఆదివారం వంటయ్యాక ఆ ట్రంకు పెట్టె దించండి మరి!