బి లేనిదే బతకని డెల్టా

హెపటైటిస్-డి అని కూడా పిలిచే డెల్టా వైరస్ తనంతట తానుగా మనిషిలో వ్యాపించలేదు. వలయంలా చుట్టుకున్న దాని ఆర్‌ఎన్‌ఏలో ఉన్నవి దాదాపు 1,700 జన్యు అక్షరాలే. మనుషులకు సోకే వైరస్‌లలో ఇంత చిన్న జన్యుపదార్థం మరి దేనికీ లేదు. కాలేయ కణంలోకి చేరాక ఆ కణంలోని ఎంజైములతోనే తన ప్రతులు తీయించుకుంటుంది. కానీ అక్కడి నుంచి బయటపడి ఇంకో కణాన్ని పట్టుకోవాలంటే పైన ఒక పొర ఉండాలి. హెపటైటిస్-బి వైరస్ తన కోసం తయారుచేసుకునే ఉపరితల ప్రొటీన్‌నే డెల్టా కప్పుకుంటుంది. రక్తపరీక్షలో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని రాసేది ఆ ప్రొటీన్ గురించే. అందుకే బి సోకని వారికి డెల్టా జబ్బు రాదు.

1977లో ఇటలీలోని ట్యూరిన్‌లో మారియో రిజెట్టో దీన్ని మొదట గుర్తించినప్పుడు, బి వైరస్‌కే చెందిన కొత్త ప్రొటీన్ అనుకున్నారు. తర్వాత అమెరికాలో చింపాంజీలపై జరిపిన ప్రయోగాల్లో అది వేరే వైరస్ అని తేలింది.

రెండు వైరస్‌లు ఎలా కలిశాయన్న దాన్ని బట్టే రోగి భవిష్యత్తు ఉంటుంది. కలుషిత రక్తం, శుభ్రం చేయని సూది, లైంగిక సంబంధం ద్వారా రెండూ ఒకేసారి సోకితే అది సహసంక్రమణ. కామెర్లు వస్తాయి, ఒక్కోసారి తీవ్రంగానే వస్తాయి. కొందరిలో తగ్గినట్టే తగ్గి, కొన్ని వారాలకు కాలేయ ఎంజైములు మళ్లీ పెరుగుతాయి. అయినా పెద్దవారిలో ఎక్కువమంది శరీరం బి వైరస్‌ను తరిమేస్తుంది, దాంతో డెల్టాకూ ఆధారం పోతుంది. ఇలా సోకినవారిలో జబ్బు దీర్ఘకాలం నిలిచిపోయేది 5 శాతం లోపే.

అప్పటికే బి పాతుకుపోయిన వ్యక్తికి డెల్టా తోడైతే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. కావలసిన పొర అక్కడ సిద్ధంగా, సమృద్ధిగా ఉంటుంది. ఇలాంటి వారిలో 70 నుంచి 90 శాతం మందికి డెల్టా శాశ్వతంగా ఉండిపోతుంది. బి ఒక్కటే ఉన్నవారి కంటే వీరికి సిరోసిస్ చాలా ఏళ్లు ముందే రావచ్చు, కాలేయ క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. బ్రెజిల్‌లోని అమెజాన్ ప్రాంతంలో లాబ్రియా జ్వరం పేరుతో పిల్లలను, యువకులను రోజుల్లోనే పొట్టనబెట్టుకున్న జబ్బు వెనుక ఉన్నది ఈ జంటేనని తర్వాత బయటపడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం దీర్ఘకాలిక బి ఉన్నవారిలో దాదాపు 5 శాతం మందికి డెల్టా కూడా సోకింది. మంగోలియా, మాల్డోవా, పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో ఈ బెడద ఎక్కువ.

చికిత్స దగ్గరే అసలు చిక్కు. బి కోసం రోజూ వేసుకునే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు ఆ వైరస్ సంఖ్యను అణచగలవు గానీ ఉపరితల ప్రొటీన్ తయారీని ఆపలేవు. కాబట్టి డెల్టాకు లోటేమీ ఉండదు. చాలాకాలం పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షనే దిక్కు, అదీ కొద్దిమందిలోనే ఫలితమిచ్చింది. వైరస్ కాలేయ కణంలో అడుగుపెట్టే ద్వారం ఎన్‌టీసీపీ అనే ప్రొటీన్ అని 2012లో చైనా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ ద్వారాన్ని మూసేసే బులెవిర్టైడ్‌కు 2020లో యూరప్ షరతులతో అనుమతి ఇచ్చింది.

నివారణ మాత్రం ఇంత కష్టం కాదు. బి టీకా రెండింటినీ అడ్డుకుంటుంది. దేశీయంగా రూపొందిన తొలి రీకాంబినెంట్ బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేశాకే అది సామాన్యుడికి అందే ధరకు దిగింది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఇచ్చే తొలి మోతాదును ఏ ఇంట్లోనూ వాయిదా వేయకూడదు.

అయితే ఇప్పటికే బి ఉన్నవారిని ఆ టీకా డెల్టా నుంచి కాపాడలేదు. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తెలిసిన ప్రతి ఒక్కరూ డెల్టా యాంటీబాడీ పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగాలి. అది పాజిటివ్ వస్తే, వైరస్ ఇంకా ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తేలుస్తుంది. మాత్రలు వాడుతున్నా, బి వైరస్ లెక్క తక్కువగా ఉన్నా కాలేయ ఎంజైములు దిగకపోతే ఈ పరీక్షను అస్సలు ఆలస్యం చేయవద్దు.