5,000 మీటర్లతో నిలుపనేల?

శీతకాలపు ఒలింపిక్ క్రీడలు 1924లో ఫ్రాన్సు దేశమందలి షామొనీలో ఆరంభమైననాడే పురుషులకు 10,000 మీటర్ల మంచు స్కేటింగు పందెము ఏర్పడినది. స్త్రీలకు పతకములుగల స్కేటింగు వేగ పందెములు 1960లోగాని రాలేదు. వచ్చినవియు 3,000 మీటర్లతో ఆగిపోయినవి. 5,000 మీటర్ల పందెము వారికి 1988లో, కెనడా దేశపు కాల్గరీలో లభించెను. ‘అబల’ యను మాట మనదేశముననే పుట్టినదని తలంచువారు ఈ లెక్క నొకసారి చూతురుగాక!

ఈ పందెపు రీతి మన పాఠకులలో ననేకులకు క్రొత్త. 400 మీటర్ల చుట్టుబాటపై ఇద్దరేసి బయలుదేరి పండ్రెండున్నర చుట్లు తిరుగవలెను. లోబాట దగ్గర, వెలిబాట దూరము గనుక ప్రతి చుట్టునందును బాటలు మార్చుకొందురు. తోడిమనిషిని మించినంతమాత్రమున గెలుపు రాదు. అన్ని జతలును ముగిసిన పిమ్మట గడియారమే తీర్పు చెప్పును. 1998లో జపానునందలి నగానోలో జర్మను వనిత గుండా నీమన్-స్టిర్నెమన్ 6 నిమిషముల 59.65 సెకండ్లలో పరుగు ముగించి, ఏడు నిమిషములలోపల చేరిన మొదటి స్త్రీ యైనది. ఆమె తరువాత పరుగెత్తిన స్వదేశీయురాలు క్లౌడియా పెక్‌స్టైన్ 6 నిమిషముల 59.61 సెకండ్లతో స్వర్ణము గైకొనెను. 5,000 మీటర్ల కడపట ఇరువురి నడుమ దూరము ఇంచుమించు ఒక మూరెడు!

నాటి స్కేటు క్రొత్తది. దాని అలుగు వ్రేళ్లవద్ద కీలుతో బిగింపబడి, మడమవద్ద విడిగా నుండును. పాదమెత్తినను అలుగు మరికొంతసేపు మంచును నెట్టుచునే యుండును. పురుషులు సందేహించుచుండగా 1996–97లో దీనిని ధరించి ఫలితము చూపినవారు డచ్చి వనితలు. టోనీ డి యాంగ్ 1997లో ఐరోపా విజేత యైనది. అటుపిమ్మట పురుషులును దానినే తొడిగిరి.

ఇక అసలు సంగతి. చెక్ దేశీయురాలు మార్టీనా సాబ్లికోవా స్వదేశమున కప్పుగల 400 మీటర్ల బాట లేకున్నను, పరదేశపు బాటలపై సాధన చేసి, 2010లోను 2014లోను ఒలింపిక్ 5,000 మీటర్ల స్వర్ణము గెలిచెను. ఆమెయే 2007లో కాల్గరీలో 10,000 మీటర్లను 13 నిమిషముల 48.33 సెకండ్లలో ముగించినది. అదే కాల్గరీలో 1988 ఒలింపిక్ క్రీడలయందు స్వీడను వీరుడు తోమాస్ గుస్తాఫ్‌సన్ పురుషుల ప్రపంచ రికార్డు నెలకొల్పిన కాలము 13 నిమిషముల 48.20 సెకండ్లు. ఆయనకు కీలుస్కేటు లేదు. ఆ భేదమును మేము దాచము. కాని, స్త్రీ శరీరము ఆ దూరమునకు చాలదను వాదము ఇక నెట్లు నిలుచును?

అయినను 2026 మిలాన్–కోర్టినా ఒలింపిక్ పందెముల పట్టికలో 10,000 మీటర్లు పురుషులకే యుంచబడినవి.