అమ్మానాన్నల్ని అడిగారా?

ఆదివారం పొద్దున పలమనేరు బస్టాండులో వి.కోట, కుప్పం, పుంగనూరు బస్సులెక్కేవాళ్లను గమనించండి. హాస్టల్లో బిడ్డలున్న తల్లిదండ్రులు ఇట్టే తెలిసిపోతారు. చేతిలో సంచి, అందులో మురుకులో చెనిక్కాయ ఉండలో, కొబ్బరినూనె సీసా, ఒంటిసబ్బు, రెండు నోటుబుక్కులు ఉంటాయి. వీళ్లలో బెంగళూరుకు కట్టడం పనులకు పోయేవాళ్లు ఎందరో. బిడ్డను చూసుకుని సాయంత్రానికల్లా మళ్లీ బండెక్కాలి.

హాస్టల్ ఆవరణలో చెట్టు కింద కూర్చోగానే తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుని జడ విప్పుతుంది. పేలున్నాయేమో వెతుకుతుంది. వేళ్ల సందులు విడదీసి గజ్జి చూస్తుంది. పోయినసారి బిగుతుగా ఉన్న జాకెట్టు ఈసారి వదులైతే ఆమెకు వెంటనే తెలుస్తుంది. రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నావని అడుగుతుంది. జవాబు ఆలస్యమైతే మళ్లీ అడుగుతుంది. ఆ పావుగంటలో ఆమె పట్టుకునే సంగతులు నాలుగు పేజీల ప్రశ్నావళికి అందవు.

అయినా పిల్లల హాస్టళ్ల మీద, సంరక్షణ గృహాల మీద పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేది వార్డెన్, హాజరు పట్టీ, వంటగది, మరుగుదొడ్ల లెక్క. పిల్లలతోనూ మాట్లాడతారు, అది మంచిదే. తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసరికి పని అంగీకార పత్రం మీద వేలిముద్రతో సరి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఏడేళ్లు నిండిన పిల్లల సమ్మతి కూడా కావాలి. అనుమతి అడిగే చోటే అభిప్రాయం కూడా అడగొచ్చు కదా!

ఈ పిల్లలందరూ అనాథలేనన్న భ్రమ మనలో బలంగా ఉంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ దేశమంతటా సంరక్షణ గృహాలను లెక్కించి 2018లో ఇచ్చిన నివేదికలో 9,589 సంస్థలు తేలాయి. వాటిలోని పిల్లల్లో దాదాపు మూడో వంతు తల్లో తండ్రో ఒక్కరే ఉన్నవాళ్లు. అంటే కబురు పంపితే వచ్చే మనిషి ఒకరు ఎక్కడో ఉన్నారు. 2009లో వెలువడిన డ్యూక్ విశ్వవిద్యాలయం అధ్యయనం అయిదు దేశాల్లో జరిగింది. మన హైదరాబాదు కూడా అందులో ఉంది. సంస్థల్లో పెరిగే పిల్లలు బయట ఇళ్లలో పెరిగే అనాథ, విడిచిపెట్టిన పిల్లల కంటే వెనకబడి లేరని అది చెప్పింది. దాని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. నాకు మాత్రం ఆ పోలికకు ముందే రావాల్సిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. బిడ్డను అక్కడ వదిలిన రోజు ఆ ఇంట్లో ఏం జరిగింది?

దానికి జవాబు చెప్పగలిగేది ఇంటివాళ్లే. సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. బిడ్డను ఇంట్లోనే ఉంచుకోవడానికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. భర్త పోయిన తల్లికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆమె బిడ్డను పంపేదా? ఈ రెండు ప్రశ్నలు వార్డెన్‌ను అడిగి లాభం లేదు.

చదువు కోసం బిడ్డను దూరం పంపడం మనకు కొత్త కాదు. మదనపల్లె పక్కనే రిషీవ్యాలీ పాఠశాల ఉంది. సర్వేలులో 1971లో మొదటి ప్రభుత్వ గురుకులం వచ్చాక పేదింటి బిడ్డలకూ ఆ దారి తెరుచుకుంది. కానీ ఫీజు కట్టే చోట తల్లిదండ్రులు నిలదీసి అడుగుతారు. ఉచితంగా సీటొచ్చిన చోట నోరు విప్పితే సీటు పోతుందేమోనని జంకుతారు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఇచ్చింది. పిల్లలు పగలంతా బడిలో ఉండి సాయంత్రానికి ఇల్లు చేరే చోటే అంత స్థానం ఇచ్చినప్పుడు, రాత్రి కూడా ఉండిపోయే చోట తల్లిదండ్రుల మాట ఇంకెంత బరువుండాలి!

తల్లులు పూనుకుంటే ఏమవుతుందో లండన్ చూసింది. అక్కడి ఆస్పత్రుల్లో ఒకప్పుడు చేరిన పసిపిల్లలను తల్లులు చూడటానికి కొద్ది గంటలే, కొన్నిచోట్ల వారానికి ఒకట్రెండు రోజులే వీలుండేది. తల్లిని చూస్తే ఏడుస్తారన్నది నర్సులు చెప్పే కారణం. సామాజిక కార్యకర్త జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆస్పత్రిలో చేరిన రెండేళ్ల పాప మీద సినిమా తీసి, తల్లి లేనప్పుడు పిల్లల్లో కనిపించే నిశ్శబ్దం వెనక ఉన్నది దుఃఖమేనని చూపించాడు. 1959లో ఆస్పత్రుల్లో పిల్లల సంరక్షణపై ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వమంది. ఆస్పత్రులు కదల్లేదు. 1961లో బాటర్‌సీ ప్రాంతపు తల్లులు సంఘం కట్టారు. ఏ ఆస్పత్రి ఎంతసేపు చూడనిస్తోందో వాకబు చేసి బయటపెట్టారు. అంతవరకు విజిటర్లుగా ఉన్నవాళ్లే పరిశోధకులయ్యారు.

మన దగ్గరా తల్లిదండ్రులు పరిశోధనలో భాగం కావాలంటే కొన్ని పద్ధతులు మారాలి. హాస్టల్ గేటు దగ్గర, వార్డెన్ కళ్ల ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. వాళ్ల ఊళ్లో, వాళ్ల అరుగు మీద కూర్చుని అడగాలి. కూలి పోతుంది కాబట్టి ఆ రోజు కూలి ఇవ్వాలి. ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం, ఉర్దూ ఇంటిభాషలు. ఏ భాషలో ఏడుస్తారో ఆ భాషలోనే అడగాలి. ప్రశ్నలు రాసే రోజునే నలుగురు తల్లిదండ్రులు బల్ల దగ్గర ఉండాలి. తేలిన సంగతులు వాళ్లకే ముందు చదివి వినిపించాలి. ఇప్పటివరకు వాళ్లు ఇచ్చిన జవాబులు ఏ పరిశోధన పత్రిక అట్టల మధ్య పోయాయో వాళ్లకు తెలియదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇంట్లో దెబ్బలకో, అంతకంటే ఘోరానికో గురై హోముకు చేరిన బిడ్డలున్నారు. అలాంటి బిడ్డల విషయంలో తల్లిదండ్రులను కలపడం బిడ్డ ఇష్టాన్ని, బాలల సంక్షేమ కమిటీ మాటను దాటి జరగకూడదు. అలాంటి కొన్ని ఇళ్లను చూపి మిగతా అందరినీ గేటు బయటే నిలబెట్టడం మాత్రం అన్యాయం.

విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు చదివే పిల్లలకు, వారి గురువులకు నా విన్నపం ఒకటే. ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది, హాస్టళ్లు చుట్టూ ఉన్నాయి. వచ్చే అధ్యయనానికి ప్రశ్నావళి అచ్చు వేయించకముందే ఆ తల్లిదండ్రుల ఊళ్లకు వెళ్లండి. బిడ్డ గురించి మేం ఏం అడగాలమ్మా అని వాళ్లనే అడగండి.