ఘానా జాతీయ ఫుట్‌బాల్ జట్టు

ఘానా జాతీయ ఫుట్‌బాల్ జట్టు అంతర్జాతీయ పోటీలలో పశ్చిమ ఆఫ్రికా దేశమైన ఘానాకు ప్రాతినిధ్యం వహించే పురుషుల జట్టు. దీనిని 'బ్లాక్ స్టార్స్', అనగా 'నల్ల నక్షత్రాలు' అని పిలుస్తారు. ఘానా ఫుట్‌బాల్ సంఘం ఈ జట్టును నిర్వహిస్తుంది. ఆఫ్రికా ఖండపు ప్రధాన పోటీ అయిన ఆఫ్రికా నేషన్స్ కప్‌ను ఈ జట్టు 1963, 1965, 1978, 1982 సంవత్సరాలలో నాలుగు పర్యాయాలు గెలుచుకొంది. ప్రపంచ కప్‌లో 2006లో మొదటిసారి ఆడింది. 2010లో క్వార్టర్ ఫైనల్ వరకు చేరింది. ఆఫ్రికాలో వలస పాలన అంతమవుతున్న కాలంలో రూపుదిద్దుకొన్న ఈ జట్టుపై ఆటతో పాటు కొత్త దేశపు గౌరవాన్నీ, ఖండపు ఐక్యతనూ చాటవలసిన బాధ్యత మొదటినుండీ ఉంది. అందువలన దీని చరిత్ర ఆ దేశ రాజకీయ చరిత్రతో విడదీయరానిదిగా ఉంది.

పేరు

ఘానా జాతీయ పతాకంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టీలు, నడుమ ఒక నల్ల నక్షత్రం ఉంటాయి. పతాకాన్ని థియోడోసియా ఓకో రూపొందించింది. జమైకాలో జన్మించిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే 1919లో అమెరికాలో 'బ్లాక్ స్టార్ లైన్' అనే నౌకా సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ కొద్ది సంవత్సరాలకే మూతపడినా, ఆ నక్షత్రం నల్లజాతి ప్రజల స్వేచ్ఛకు గుర్తుగా నిలిచిపోయింది. గార్వే భావాలచే ప్రభావితుడైన క్వామే ఎన్‌క్రుమా ఘానా నాయకుడైనప్పుడు పతాకానికీ, తరువాత ఫుట్‌బాల్ జట్టుకూ ఆ నక్షత్రమే చిహ్నమైంది.

వలస పాలన కాలం

బ్రిటిష్ పాలనలో ఈ ప్రాంతం పేరు గోల్డ్ కోస్ట్. ఫుట్‌బాల్ ఆట ఇక్కడికి తీర పట్టణాల ద్వారా వచ్చి పాఠశాలలలో, క్లబ్బులలో వ్యాపించింది. 1951లో గోల్డ్ కోస్ట్ జట్టు బ్రిటన్, ఐర్లండ్‌లలో పర్యటించి అక్కడి అమెచ్యూర్ జట్లతో ఆడింది. ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడడం అక్కడి ప్రేక్షకులకు వింతగా తోచింది. 1957 మార్చి 6న దేశం స్వాతంత్ర్యం పొంది ఘానాగా మారింది. మరుసటి సంవత్సరం ఘానా ఫిఫాలో సభ్యత్వం పొందింది.

ఎన్‌క్రుమా కాలం

వేర్వేరు భాషలు, తెగలు గల ప్రజలలో ఒకే దేశమన్న భావన కలిగించడానికి ఫుట్‌బాల్ మంచి సాధనమని ఎన్‌క్రుమా భావించాడు. క్రీడల నిర్వహణను ఒహెనె జాన్‌కు అప్పగించాడు. 1961లో ప్రధాన క్లబ్బుల నుండి మంచి ఆటగాళ్లను తీసుకొని 'రియల్ రిపబ్లికన్స్' అనే జట్టును ఏర్పరచారు. తమ ఆటగాళ్లను కోల్పోయిన క్లబ్బులకు ఇది నచ్చలేదు. అయితే కలిసి శిక్షణ పొందిన ఈ ఆటగాళ్లే జాతీయ జట్టుకు వెన్నెముక అయ్యారు. 1962లో ఆక్రాలో ఘానా జట్టు ప్రఖ్యాత రియల్ మాడ్రిడ్‌తో 3-3 గోల్స్‌తో సమంగా నిలిచింది.

1963లో ఆఫ్రికా నేషన్స్ కప్‌కు ఘానా ఆతిథ్యమిచ్చి, ఫైనల్‌లో సూడాన్‌ను 3-0తో ఓడించింది. 1965లో ట్యునీషియాలో ఆతిథ్య జట్టును అదనపు సమయంలో 3-2తో ఓడించి కప్పును నిలుపుకొంది. రెండుసార్లూ శిక్షకుడు ఘానా దేశీయుడైన సి.కె. జ్యామ్‌ఫి.

ప్రపంచ కప్ బహిష్కరణ

1966 ప్రపంచ కప్‌లో 16 జట్లకు స్థానం ఉంది. ఇందులో ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా ప్రాంతాలన్నిటికీ కలిపి ఒకే ఒక స్థానం కేటాయించబడింది. అనగా ఆఫ్రికాలో విజేతగా నిలిచిన జట్టు కూడా మరొక ఖండపు విజేతతో తలపడి గెలిస్తేనే ప్రపంచ కప్‌లో ఆడగలదు. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాను ఫిఫా తిరిగి చేర్చుకోవడం మరొక అభ్యంతరం. ఒహెనె జాన్, ఇథియోపియాకు చెందిన టెసెమా వంటివారి చొరవతో ఆఫ్రికా దేశాలు 1964లో అర్హత పోటీల నుండి తప్పుకొన్నాయి.

ఈ నిరసన ఫలించింది. 1970 ప్రపంచ కప్ నుండి ఆఫ్రికాకు ఒక స్థానం ఖాయమైంది. ఆ సంవత్సరం మొరాకో ఆడింది. కాని ఖండంలో మేటిగా ఉన్న కాలంలోనే ప్రపంచ కప్ అవకాశాన్ని వదులుకొన్న ఘానా, ఆ వేదికపై ఆడడానికి 2006 వరకు వేచి ఉండవలసి వచ్చింది. 1966 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటులో ఎన్‌క్రుమా పదవి కోల్పోయాడు.

తరువాతి విజయాలు

1968, 1970లలో ఘానా ఫైనల్ చేరి ఓడిపోయింది. 1978లో స్వదేశంలో ఉగాండాను 2-0తో ఓడించింది. మూడవసారి గెలిచినందున అప్పటి ట్రోఫీ శాశ్వతంగా ఘానాకు దక్కింది. 1982లో, దేశంలో మరొక సైనిక తిరుగుబాటు జరిగిన రెండు నెలలకే, లిబియాలో జరిగిన ఫైనల్‌లో ఆతిథ్య జట్టును పెనాల్టీ కిక్కుల ద్వారా ఓడించింది. అప్పుడు కూడా శిక్షకుడు జ్యామ్‌ఫియే.

ఆ తరువాత ఘానా 1992, 2010, 2015లలో ఫైనల్ ఆడినా గెలవలేదు. 1992లో ఐవరీ కోస్ట్ చేతిలో పెనాల్టీ కిక్కులలో 11-10తో ఓడిపోయింది. జట్టు నాయకుడు అబెది పెలే నిషేధం కారణంగా ఆ ఫైనల్ ఆడలేకపోయాడు. 1990లలో ఆఫ్రికా అంతటా పేరుగాంచిన ఈ ఆటగాడు ప్రపంచ కప్‌లో ఒక్కసారి కూడా ఆడలేదు. అతని కుమారులు ఆండ్రే అయేవ్, జోర్డాన్ అయేవ్ తరువాత ఆ వేదికపై ఆడారు.

ప్రపంచ కప్‌లో

2006లో జర్మనీలో ఘానా తొలి ఆటలో ఇటలీ చేతిలో ఓడినా, చెక్ రిపబ్లిక్‌ను 2-0తో, అమెరికాను 2-1తో ఓడించి రెండవ దశకు చేరింది. అక్కడ బ్రెజిల్ చేతిలో 3-0తో ఓడింది. ఆ సంవత్సరం గ్రూపు దశ దాటిన ఆఫ్రికా జట్టు ఇది ఒక్కటే.

2010లో ప్రపంచ కప్ మొదటిసారి ఆఫ్రికా ఖండంలో, దక్షిణాఫ్రికాలో జరిగింది. ఆరు ఆఫ్రికా జట్లలో గ్రూపు దశ దాటినది ఘానా మాత్రమే. అమెరికాను అదనపు సమయంలో 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. అంతకు మునుపు 1990లో కామెరూన్, 2002లో సెనెగల్ ఈ దశకు చేరాయి. అప్పటికి ఏ ఆఫ్రికా జట్టూ సెమీఫైనల్ ఆడలేదు.

జూలై 2న జోహన్నెస్‌బర్గ్‌లో ఉరుగ్వేతో జరిగిన ఆటలో ముంతారి గోలుతో ఘానా ముందంజ వేసింది. ఫోర్లాన్ దానిని సమం చేశాడు. అదనపు సమయపు చివరి క్షణాలలో అడియా తలతో కొట్టిన బంతి గోలులోకి పోతుండగా, ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోలు గీత మీద చేతులతో అడ్డుకొన్నాడు. గోల్‌కీపర్ కాని ఆటగాడు ఇలా చేస్తే అతడిని ఆట నుండి తొలగించి, ఎదుటి జట్టుకు పెనాల్టీ ఇస్తారు. బంతి గీత దాటనందున గోలుగా లెక్కించరు. నిబంధన ప్రకారం సువారెజ్‌కు రెడ్ కార్డు చూపారు. కాని అసమోవా గ్యాన్ కొట్టిన పెనాల్టీ గోలు పైకడ్డీకి తగిలి బయటకు పోయింది. ఆ తరువాతి పెనాల్టీ కిక్కులలో మొదటి కిక్కును గ్యానే కొట్టి గోలు చేశాడు. అయినా ఘానా 4-2తో ఓడిపోయింది. సువారెజ్ చేసినది మోసమా, లేక శిక్షకు సిద్ధపడి చేసిన త్యాగమా అన్న వాదన నేటికీ ఉంది. ఆఫ్రికా నుండి మొదటిసారి సెమీఫైనల్ చేరిన ఘనత 2022లో మొరాకోకు దక్కింది.

2014లో బ్రెజిల్‌లో ఘానా జర్మనీతో 2-2తో సమంగా నిలిచింది. ఆ పోటీలో విజేత జర్మనీయే. కాని ఆటగాళ్లకు రావలసిన సొమ్ముపై వివాదం చెలరేగగా, ప్రభుత్వం 30 లక్షల డాలర్ల నగదును విమానంలో పంపవలసి వచ్చింది. జట్టు గ్రూపు దశలోనే వెనుదిరిగింది. 2022లో దక్షిణ కొరియాపై గెలిచి, చివరి ఆటలో మళ్లీ ఉరుగ్వేను ఎదుర్కొంది. ఈసారి కూడా ఒక పెనాల్టీ విఫలమైంది. 2-0తో గెలిచిన ఉరుగ్వే కూడా తదుపరి దశకు చేరలేదు.

ఇటీవలి స్థితి

ఘానా 2021, 2023 ఆఫ్రికా నేషన్స్ కప్‌లలో గ్రూపు దశలోనే నిష్క్రమించింది. 2025 పోటీకి అర్హత పొందలేకపోయింది. అయితే 2025 అక్టోబరులో కొమొరోస్‌ను 1-0తో ఓడించి 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది.

విశేషాలు

* జట్టు తరపున అత్యధికంగా 51 గోల్స్ చేసిన ఆటగాడు అసమోవా గ్యాన్. ప్రపంచ కప్‌లో అతని గోల్స్ 6.
* 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఘానా యువ జట్టు కాంస్య పతకం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆఫ్రికాకు ఇదే మొదటి పతకం.
* 2009లో 20 ఏళ్లలోపు వారి ప్రపంచ కప్ గెలిచిన మొదటి ఆఫ్రికా దేశం ఘానా.
* కుమాసి నగరంలోని స్టేడియంకు బాబా యారా పేరు పెట్టారు. ఈ ఆటగాడు 1963లో రోడ్డు ప్రమాదంలో నడక కోల్పోయి, 1969లో మరణించాడు.

ఇవి కూడా చూడండి

* ఘానా
* క్వామే ఎన్‌క్రుమా
* ఆఫ్రికా నేషన్స్ కప్