యుద్ధం ఎక్కడో... గల్లా ఇక్కడ!

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2016 అక్టోబరు 11న పుట్టిన కొత్త జిల్లాలు. ఇక్కణ్నుంచి సముద్రానికి వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం. రెండు ప్రపంచయుద్ధాల్లో ఏ దేశపు పటాలమూ ఈ చెరువుగట్ల మీదికి రాలేదు. అయినా సామ్రాజ్యాల జమాఖర్చు పుస్తకంలో ఈ ఊళ్ల పద్దు చిన్నదేం కాదు. రైలు పట్టాల కింద, బొగ్గుబాయిలో, చివరికి మన కూరలో కారంలోనూ ఆ లెక్కలున్నాయి. కొన్ని విప్పి చూద్దాం.

రుద్రమదేవి కారం తినలేదు

మానుకోట (మహబూబాబాద్) చుట్టుపక్కల, భూపాలపల్లి చేలల్లో ఎండాకాలం వస్తే కల్లాలు ఎర్రబడతాయి. మిరప లేని తెలంగాణ వంట ఊహకందదు. కానీ కాకతీయుల కాలంలో ఇక్కడ ఒక్క మిరపకాయ కూడా లేదు. అప్పట్లో నాలుక చుర్రుమనాలంటే మిరియాలే దిక్కు. మిరప సొంతూరు అమెరికా ఖండం. కొలంబస్ తర్వాత స్పెయిన్, పోర్చుగల్ ఓడలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. గోవాను పట్టిన పోర్చుగీసువాళ్ల చేతిమీదుగా అది మన దగ్గరికి చేరింది. మక్కజొన్న, పల్లికాయ, సీతాఫలం కూడా ఆ ఖండంవే. సీతమ్మ పేరు పెట్టుకున్న పండు కూడా పరదేశీయే!

ఒకరికి దొంగ, ఇంకొకరికి పాట

1687లో ఔరంగజేబు గోల్కొండను మొఘల్ సామ్రాజ్యంలో కలిపేసుకున్నాడు. 1707లో ఆయన కన్నుమూయగానే కొడుకులు గద్దె కోసం కొట్టుకున్నారు. ఢిల్లీ చూపు ఇటు లేని ఆ సందు చూసుకుని 1708లో వరంగల్ మీద పడ్డవాడు సర్వాయి పాపన్న. కల్లుగీత ఇంట్లో పుట్టినవాడు. ఆయన కోట జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో ఇప్పటికీ ఉంది. 1710లో మొఘల్ సేన ఆయన్ను పట్టి చంపింది. మొఘలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయన్ను బందిపోటుగా రాసిపెట్టాడు. ఊళ్లలో మాత్రం ఆయన కథ పాటై తిరిగింది. తమాషా ఏమంటే, 1874లో ఆ పాటను ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చువేయించింది బాయిల్ అనే ఇంగ్లిషు దొర. ఒక సామ్రాజ్యం తల తీసినవాణ్ని ఇంకో సామ్రాజ్యం అచ్చులో దాచిపెట్టింది.

కాటన్ దొర, కాటన్ కోసం

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఇంకో కల ఉండేది. బీరారు నల్లరేగళ్లలో పండిన పత్తిని పడవల మీద ప్రాణహిత, గోదావరుల వెంట సముద్రం దాకా దించాలని. దారిలో మూడుచోట్ల బండరాళ్లు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇప్పటి భూపాలపల్లి జిల్లా ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద. 1861లో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టర్ మిల్లులు గగ్గోలు పెట్టాయి. గోదావరి పనులకు ఊపు వచ్చింది. ఇంజినీరు హేగ్ ఆధ్వర్యంలో రాళ్లు పగలగొట్టడం, కాలువలు తవ్వడం సాగింది.

అంతలో 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867కల్లా బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి అటు మళ్లింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. మాంచెస్టర్ కోసం మొదలైన ఇచ్చంపల్లి పేరు ఇప్పుడు గోదావరి–కావేరి అనుసంధానం ఫైళ్లలో మళ్లీ వినిపిస్తోంది.

గ్యారంటీ ఎవరికి?

జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ స్టేషన్ల మీదుగా పోయే లైను పాత పేరు ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. బండి టైముకు వస్తుందన్న గ్యారంటీ అనుకునేరు! లండన్‌లో వాటాలు కొన్నవాళ్లకు ఇచ్చిన మాట అది. రైలు నడిచినా నడవకున్నా, లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి మీద ఏటా నూటికి అయిదు చొప్పున ఇరవై ఏళ్లపాటు నిజాం ఖజానా చెల్లించాలి. పట్టాలు 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చాయి. 1930లో నిజాం సర్కారు ఆ రైల్వేను కొనేసింది. ఈ లైను మీద వాటాదారుకు నష్టభయం లేదు. ఉన్నదల్లా శిస్తు కట్టే రైతుకే.

లండన్‌లో పేలిన బొగ్గు

భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెప్పుకుంటారు. కాగితాల మీది కథ వేరు. 1870ల మొదట్లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో లండన్‌లో ‘హైదరాబాద్ (దక్కన్) కంపెనీ’ పుట్టి తవ్వకపు హక్కులు పట్టుకుంది. ఆ వాటాలను నిజాం సొమ్ముతోనే ఎక్కువ ధరకు కొనిపించిన వ్యవహారం బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. హైదరాబాద్ అధికారి అబ్దుల్ హక్ కొలువు పోయింది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1945లో ఎక్కువ వాటాలు నిజాం సర్కారు చేతికొచ్చాయి.

ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గుబాయిల పేరు ‘కాకతీయ ఖని’. లండన్‌లో పుట్టిన కంపెనీ వంశం, ఓరుగల్లు రాజుల పేరు!

డోర్నకల్ బిషప్పు

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఒక తమిళుడికి బిషప్పుగా పట్టం కట్టారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే, వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయనకు ఇచ్చిన పీఠం మద్రాసూ కాదు, బొంబాయీ కాదు. బొగ్గు లైను చీలే చిన్న జంక్షన్ డోర్నకల్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన దొరల ముఖాన్నే ఒక మాట అన్నారు: మీరు మాకు అన్నీ ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదని. సభ ఉలిక్కిపడింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్ చూస్తే ఆ మాటకు రాతి రూపం కనిపిస్తుంది. పైన గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, లోపల స్తంభాలు గుడి మంటపాన్ని గుర్తుచేస్తాయి. ఇంగ్లండు చర్చి పోలిక కోసం వెతుక్కోవాలి.

వెండి పోయి కాగితం వచ్చె

నిజాం రాజ్యంలో సొంత రూపాయి చెలామణి అయ్యేది. దాన్ని ‘హాలీ సిక్కా’ అనేవారు. ఇంగ్లిషు రూపాయి ‘కల్దారు’. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చి, 1918లో హైదరాబాద్ తొలిసారి కాగితం నోట్లు తెచ్చింది. వెండి మోగితేనే నమ్మే సంతలోకి కాగితం వచ్చింది.

ఆ నోట్లు అచ్చయ్యేది లండన్‌లో. 1922 మే 20న ‘ఈజిప్ట్’ అనే ఓడ పొగమంచులో ఫ్రెంచి ఓడను ఢీకొని ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగింది. పదేళ్ల తర్వాత ఇటలీ గజఈతగాళ్లు అందులోని బంగారం కోసం లోపలికి దిగితే, బంగారంతో పాటు హైదరాబాద్ నోట్లు కూడా పైకి వచ్చాయి. అట్లాంటిక్ అడుగున నానిన ఆ కాగితాలంటే నోట్లు సేకరించేవాళ్లకు ఇప్పటికీ మోజే.

టోక్యో తీరాన ‘నిజాం’

మొదటి యుద్ధంలో హైదరాబాద్ అశ్వదళం సూయెజ్, పాలస్తీనాల దాకా వెళ్లింది. నిజాం ఇచ్చిన సొమ్ముతో కొన్న విమానాలతో బ్రిటిష్ వాయుసేనలో 110వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అయింది. ప్రతిఫలంగా 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు దక్కింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. ఆ దళం చిహ్నం నిజాం తలపాగా. 1940లో హిట్లర్ విమానాలను ఇంగ్లండు ఆకాశంలో ఎదుర్కొన్న దళాల్లో అదొకటి. ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ పేరున ఒక యుద్ధనౌక తిరిగేది. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన రోజు, టోక్యో అఖాతంలో ఉన్న నౌకల్లో అదీ ఉంది.

బర్మా పడింది, గుమ్మి ఖాళీ అయింది

1942లో జపాన్ బర్మాను పట్టుకుంది. బర్మా బియ్యం ఆగిపోయింది. ఇండియా అంతటా గింజకు కటకట. నిజాం సర్కారు లెవీ పెట్టింది: పండినదాంట్లో ఇంత అని సర్కారు ధరకు కొలవాలి. జనం నోట అది ‘లెవీ గల్లా’.

హుకుం అందరికీ ఒకటే. కొలిచేటప్పుడు మాత్రం తేడా. లెక్క రాసేది పట్వారీ, దగ్గరుండి కొలిపించేది పటేలు. ఇద్దరి చూపూ దొర గడీ వైపే. దొర గుమ్మి మూత లేవదు. నాలుగెకరాలవాడి విత్తనపు గింజలు కూడా కుప్పలోకి పోతాయి. దాచిన ధాన్యం నల్లబజారులో రెట్టింపు ధర పలుకుతుంది. అప్పటికే వెట్టితో నలిగిన ఊళ్లకు ఈ లెవీ పుండు మీద కారం.

1944లో భువనగిరి సభలో ఆంధ్రమహాసభ (జనం నోట ‘సంఘం’) సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. సంఘం గుడిసెలోకి వచ్చింది. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలని చెప్పేవారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీదికి ఆయన మనుషులు పంట కోసుకుపోదామని వచ్చారు. సంఘం వాలంటీర్లు అడ్డం నిలబడి, ఆ పంటను ఐలమ్మ ఇంటికే చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడే రగిలింది.

టోక్యోలో యుద్ధం ముగిసి అప్పటికి పది నెలలు.

రెండో కాటన్

ఇండియాలో కలవకుండా మిగిలి, 1948లో దాని దిగ్బంధంలో ఉన్న హైదరాబాద్‌కు కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు చేరవేసినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్. రెండో యుద్ధం ముందు జర్మనీ మీద ఎగురుతూ రహస్యంగా ఫొటోలు తీసిన మనిషి. ఆయన వాడిన లాంకాస్ట్రియన్ విమానాలు లాంకాస్టర్ బాంబర్ల నుంచి తయారైనవే. ఒక కాటన్ పత్తికి దారి తవ్వితే, ఇంకో కాటన్ తుపాకులకు తవ్వాడు. రెండు దారులూ ఎక్కువ కాలం నిలవలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాద్ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న నిజాం యుద్ధం ఆపేశానన్నాడు. 18న లొంగిన హైదరాబాద్ సేనాని ఎల్ ఎడ్రూస్, లొంగదీసిన భారత సేనాని జె.ఎన్. చౌధురి ఇద్దరూ బ్రిటిష్ యుద్ధాల్లో ఆరితేరినవారే.

ఏరు దాటితే మహారాష్ట్ర ఎందుకు?

కాళేశ్వరం ఘాట్ మీద నిలబడి ఎదురుగా చూస్తే సిరోంచ. అక్కడా తెలుగే వినిపిస్తుంది. మరి రాష్ట్రం వేరెందుకు? 1860లో బ్రిటిష్‌వాళ్లతో కుదిరిన ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డును వదులుకున్నాడు. 1857 తిరుగుబాటులో తోడున్నందుకు ఆయనకు రాయచూరు, నల్దుర్గం తిరిగొచ్చాయి, అప్పు రద్దయింది. దొరలకు పత్తి పడవలు తిరగడానికి ఏరు కావాలి. అందుకని ఆ ఒడ్డు. సిరోంచ సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉండిపోయి, 1960లో మహారాష్ట్రకు చేరింది. పత్తి పడవలు రానే లేదు, గీత మిగిలింది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీకి ఒక చివర భూపాలపల్లి జిల్లాలో, రెండో చివర సిరోంచ తాలూకాలో ఉన్నాయి. దాన్ని కట్టడానికి 2016లో మన సర్కారు ముంబై వెళ్లి ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది.

కోఠీలో పాలకుర్తి పేరు

1798లో నిజాం ఇంగ్లిషు కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. సైన్యం కంపెనీది, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు చివరికి రైతు శిస్తులోకే దిగింది. ఆ తర్వాత కొద్దేళ్లకే మూసీ ఒడ్డున, ఇప్పటి కోఠీలో, కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు (కంపెనీ ప్రతినిధి) పెద్ద భవనం లేపాడు. హైదరాబాద్‌లో ఎవరు దివాను కావాలో నూట యాభై ఏళ్లపాటు అక్కడి మాటకు ఎదురుండేది కాదు. తెల్లవాళ్లు పోయాక 1949లో అది ఆడపిల్లల కాలేజీ అయింది. 2024లో ఆ విద్యాలయానికి కొత్త పేరు పెట్టారు: చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం.

రెసిడెంటు దొర కోసం చెక్కిన రెండు రాతి సింహాలు మెట్ల పక్కన కాపలాకు ఇంకా కూచునే ఉన్నాయి.