బొమ్మ వెనకాల ఒక వరుస

వెబ్ పేజీలో బొమ్మ ఉండదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా సంగతి ఇదే. పేజీలో ఉండేది ఒక్క వరుస కోడ్. ఫలానా చోట ఫలానా ఫైలు ఉంది, తెచ్చి ఇక్కడ చూపించు అని బ్రౌజరుకు చెప్పే వరుస. బ్రౌజరు ముందు రాతను తెచ్చుకుంటుంది, తర్వాత ఆ చిరునామా పట్టుకుని బొమ్మ కోసం వెళ్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు అక్షరాలు ముందొచ్చి బొమ్మలు వెనక రావడం అందుకే.

ఈ వరుసను 1993 ఫిబ్రవరిలో ప్రతిపాదించినవాడు మార్క్ ఆండ్రీసన్, 21 ఏళ్ల కుర్రాడు. అప్పుడతను ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొజాయిక్ బ్రౌజరు తయారుచేస్తున్న బృందంలో ఉన్నాడు. వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్‌లీతో సహా కొందరు వేరే పద్ధతులు సూచించారు. ఆ చర్చ ఒక కొలిక్కి రాకముందే ఐఎంజీ ట్యాగు అనే ఈ వరుస మొజాయిక్‌లోకి ఎక్కేసింది. మొదట్లో దాని పని ఒక్కటే, ఫైలు ఎక్కడుందో చెప్పడం. తర్వాతి 30 ఏళ్లలో ఆ వరుసకు చేరిన మాటల్లో చాలావరకు ఎవరో ఒక పాఠకుడి ఇబ్బందిలోంచి పుట్టినవే. వాటిని రాయకపోయినా మన స్క్రీన్ మీద పేజీ బాగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

సైజు సంగతే చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు ఉంటుంది. మొత్తం 1.2 కోట్ల చుక్కలు. దాన్ని చూసే ఫోన్ స్క్రీనేమో చాలావాటిలో 1,080 చుక్కల వెడల్పే. ఆ వెడల్పుకు కుదిస్తే 9 లక్షల చుక్కలు కూడా కావు. కోడ్‌లో వెడల్పు తగ్గించి రాస్తే ఫైలు కూడా తేలికవుతుందని చాలామంది నమ్మకం. కాదు. మొత్తం ఫైలు దిగాల్సిందే, ఆ తర్వాతే బ్రౌజరు దాన్ని చిన్నదిగా చూపిస్తుంది. ముగ్గురున్న ఇంటికి పెళ్లి భోజనం వండి పంపినట్టు! పైగా ఇక్కడ డేటా ఖర్చు చదివేవాళ్లది. అందుకే ఎక్కించే ముందే ఫొటో ఎడిటర్‌లో కుదించాలి. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు ఎస్‌ఆర్‌సీసెట్ రాసి, ఒకే ఫొటోకు రెండు మూడు సైజులిచ్చి, ఏది తెచ్చుకోవాలో బ్రౌజరుకే వదిలేస్తారు.

కుదించాం కదా అని కోడ్‌లో వెడల్పు, ఎత్తు అంకెలు రాయడం మానకూడదు. లింకు నొక్కబోతుంటే పైనెక్కడో బొమ్మ వచ్చి పడి, పేజీ కిందికి జారి, వేలు ప్రకటన మీద పడటం అందరికీ అనుభవమే. ఆ రెండు అంకెలుంటే ఇప్పటి బ్రౌజర్లు లెక్క చూసుకుని బొమ్మకు ముందే చోటు వదులుతాయి. స్టైల్‌లో గరిష్ఠ వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో అని రాస్తే ఫోన్‌లోనూ ఇమిడిపోతుంది. ఎత్తు సంగతి మరిచిపోతే గ్రూప్ ఫొటోలో అందరూ సన్నగా, పొడుగ్గా తయారవుతారు.

ఇక ఏ రకం ఫైలు వాడాలంటే, ఫొటోకు జేపెగ్, లోగోకూ స్క్రీన్‌షాట్‌కూ పీఎన్‌జీ అన్నది పాత లెక్క. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ రెండు రకాలకూ పనికొస్తుంది. అయినా జేపెగ్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది. అది బొమ్మను నిలువున 8, అడ్డంగా 8 చుక్కలుండే గళ్లుగా కోసి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్నటి తేడాలను వదిలేస్తుంది. ఆ గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. ఈ రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆకాశంలో, మొహంలో, వరిచేలో రంగు మెల్లగా మారుతుంది కాబట్టి అక్కడ ఏం పోయిందో ఎవరూ పట్టుకోలేరు. అక్షరాల దగ్గర మాత్రం దొరికిపోతుంది. నల్లగీత అంచు చుట్టూ బూడిదరంగు మరకలు లేస్తాయి. 'కి'కీ 'కీ'కీ మధ్య ఉన్నది చిన్న వంపే. బొమ్మ నాలుగు చేతులు మారి ప్రతిసారీ మళ్లీ కుదించుకుపోతే ఆ వంపు కలిసిపోతుంది, కింది వత్తు ఏమిటో ఊహించుకోవాల్సి వస్తుంది.

మళ్లీ ఆ ఐఎంజీ వరుసకు వస్తే, నా దృష్టిలో అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆల్ట్, అంటే బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే చోటు. జనం ఎక్కువగా వదిలేసేదీ అదే. చూపు లేనివాళ్లు స్క్రీన్‌రీడర్‌తో పేజీని వింటారు. ఎన్‌వీడీఏ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. బొమ్మ రాగానే స్క్రీన్‌రీడర్ ఆల్ట్‌లో ఉన్న మాటలు చదువుతుంది. అసలు ఆల్టే లేకపోతే కొన్నిసార్లు ఫైలు పేరు అందుకుని ఐఎంజీ, అండర్‌స్కోర్, వరసగా అంకెలు వల్లె వేస్తుంది. కొండపల్లి బొమ్మల మీద వ్యాసమనుకుందాం. ఆల్ట్‌లో 'బొమ్మ' అని రాస్తే విన్నవాళ్లకు ఒరిగేదేమీ లేదు. 'అంబారీ కట్టిన కొండపల్లి చెక్క ఏనుగు, అంబారీలో ఇద్దరు' అంటే ఏనుగు కళ్లకు కడుతుంది. 'ఇది ఫొటో' అని మొదలుపెట్టక్కర్లేదు, ఆ ముక్క స్క్రీన్‌రీడరే చెబుతుంది. ఉత్త అలంకారానికి పెట్టిన గీతలకూ పూలకూ ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి, అప్పుడు వాటిని దాటేసి ముందుకెళ్తుంది. ఖాళీగా ఉంచడం వేరు, అసలు రాయకపోవడం వేరు.

యూనికోడ్ ఫాంట్లు అందరి కంప్యూటర్లలో లేని రోజుల్లో తెలుగు రాతను బొమ్మగా పెట్టక తప్పేది కాదు. ఇప్పుడు ఆ అవసరం తీరినా అలవాటు పోలేదు. గ్రామసభ ప్రకటన, ఉద్యోగ నోటీసు, రక్తదాన శిబిరం వివరాలు అన్నీ పోస్టర్లోనే. స్క్రీన్‌రీడర్‌కు అందులో ఒక్క ముక్కా అందకపోవచ్చు, ఫోన్ నంబరు వేలితో నొక్కితే కాల్ వెళ్లదు, వేళ్లతో పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. పోస్టర్ ముచ్చట కాదనలేం. దాని కింద తేదీ, చోటు, నంబరు మామూలుగా టైపు చేస్తే చాలు.