కుండలు చెప్పని వలస

తుర్కియే దేశం నడుమ, కైసరి నగరానికి ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కూల్‌తెపె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. ఆ పేరుకు బూడిదదిబ్బ అని అర్థం. మన పల్లెల్లో ఇటువంటి వాటిని పాటిదిబ్బలంటాము. ఆ పాటిమన్ను బళ్ళకెత్తి పొలాలకు తోలుకోవడం నా చిన్నతనంలో చూశాను. 1880ల నాటి నుంచి ఆ ప్రాంతపు మట్టిపలకలు కొన్ని, క్యూనిఫారం లిపిలో రాసినవి, పాతవస్తువుల వ్యాపారుల చేతుల్లోకి రాసాగాయి. అవి ఎక్కడ దొరుకుతున్నాయో మాత్రం తెలియలేదు. తవ్వడానికి వచ్చిన పండితులందరూ దిబ్బ మీదనే తవ్వి, ఉత్తచేతులతో వెళ్ళారు. 1925లో వచ్చిన చెక్ పండితుడు హ్రోజ్నీ కూడా మొదట అదే పని చేశాడు. హిట్టైట్ భాష గుట్టు విప్పినవాడాయన. చివరకు స్థానికుడొకరి ద్వారా అసలు సంగతి తెలిసింది: పలకలు దొరుకుతున్నది దిబ్బలో కాదు, దాని పాదాన ఉన్న పొలంలో. అక్కడ తవ్వితే సుమారు వెయ్యి పలకలు బయటపడ్డాయి. 1948లో తహ్సిన్ ఓజ్‌గుచ్ ఆరంభించిన తవ్వకాలు 2005లో ఆయన మరణించేదాకా ఆయన చేతిమీదుగానే సాగాయి, నేటికీ కొనసాగుతున్నాయి. ఇప్పటివరకు లభించిన పలకలు దాదాపు 23,000.

ఈ పలకలలో రాజుల దిగ్విజయాలు లేవు. ఉన్నవి ఉత్తరాలు, అప్పుపత్రాలు, సరుకు చిట్టాలు, తీర్పులు, పెళ్ళి ఒడంబడికలు. రాసినవారిలో అత్యధికులు ఆ ఊరివారు కారు. అక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరాన, టైగ్రిస్ నది ఒడ్డున, నేటి ఉత్తర ఇరాక్‌లో ఉన్న అష్షూర్ నగరం నుంచి వర్తకానికి వచ్చి స్థిరపడినవారు. అప్పట్లో ఆ ఊరి పేరు కానేష్. దిబ్బ మీద రాజప్రాసాదం, దిగువన ‘కారుమ్’ అని పిలిచే వర్తకుల పేట. పలకలలో అధికభాగం క్రీ.పూ. 19వ శతాబ్దంలో ముప్పై ఏళ్ళ వ్యవధిలో రాసినవి. అంటే హమ్మురాబి పుట్టకమునుపటి మాట.

వ్యాపారం స్వరూపం సులభంగానే అర్థమవుతుంది. కంచు పోయడానికి రాగితో పాటు తగరం కావాలి. అనటోలియాలో రాగి పుష్కలం, తగరం కరవు. తగరం తూర్పు దేశాల నుంచి అష్షూర్‌కు వచ్చేది. అక్కడి వర్తకులు దానిని, ఉన్నివస్త్రాలను, గాడిదల మీద వేసుకుని ఆరు వారాల ప్రయాణం చేసి కానేష్ చేర్చేవారు. ఒక గాడిద సుమారు 65 కిలోల తగరం మోసేది. అష్షూర్‌లో ఒక షెకెల్ వెండికి, అంటే 8 గ్రాములకు పైచిలుకు వెండికి, 13 నుంచి 16 షెకెళ్ళ తగరం వచ్చేది. అనటోలియాలో అదే వెండికి 6 నుంచి 8 షెకెళ్ళే ఇచ్చేవారు. తిరుగు ప్రయాణంలో మోయవలసింది వెండి, బంగారమే కనుక గాడిదలలో చాలావాటిని కూడా అక్కడే అమ్మివేసేవారు. చలికాలంలో మంచు కురిసి కనుమలు మూసుకుపోతే బిడార్లు నిలిచిపోయేవి.

కానేష్ రాజుకు వస్త్రాల మీద 5 శాతం, తగరం మీద సుమారు 3 శాతం సుంకం చెల్లించాలి. వస్త్రాలలో పదోవంతు ముందుగా కొనుక్కునే హక్కు కూడా రాజుదే. ప్రతిగా, తన రాజ్యంలో వర్తకుల ప్రాణానికీ సరుకుకూ ఆయన పూచీ. వర్తకుడు హత్యకు గురైతే పరిహారం ఇప్పించాలి. ఓడలు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును జప్తు చేయబోమని మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చదివినవారికి ఈ షరతుల స్వభావం పరిచితమే. సుంకం ఎగ్గొట్టడానికి అడ్డదారులు పట్టేవారూ లేకపోలేదు. పూషుకేన్ అనే ప్రముఖ వర్తకుడు అటువంటి సరుకుతో పట్టుబడి చెరసాలకు వెళ్ళిన సంగతి ఒక ఉత్తరంలో ఉంది.

పెట్టుబడి సమకూర్చుకునే పద్ధతి మరీ ఆశ్చర్యకరం. ‘నరుక్కుమ్’ అంటే సంచి. పలువురు వాటాదారులు బంగారం లెక్కకట్టి ఒక వర్తకుని ‘సంచి’లో వేసేవారు. అమూర్‌ఇష్తార్ అనే వర్తకుని పత్రంలో 14 మంది వాటాదారులు, 30 మినాల బంగారం, అంటే దాదాపు 15 కిలోలు, గడువు 12 సంవత్సరాలు. గడువుకు ముందే తప్పుకున్నవారికి లాభంలో వాటా లేదు.

ఇంతవరకూ చరిత్రే. పురావస్తు శాస్త్రజ్ఞులను కలవరపెట్టినది వేరొకటి. ఈ వర్తకుల ఇళ్ళ పునాదులు, గోడలు, పొయ్యిలు, కుండలు, కూజాలు అన్నీ స్థానిక అనటోలియా శైలిలోనివే. పలకలనూ, వాటి మీది ముద్రలనూ తీసివేసి చూస్తే అది అచ్చంగా ఒక అనటోలియా పట్టణం. పలకలు దొరకకపోయి ఉంటే, తరతరాలుగా ఒక విదేశీ సమాజం అక్కడ నివసించిందని ఎవరికీ తోచేదే కాదు.

ఈ విషయం ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. గార్డన్ చైల్డ్ 1929లో ఇచ్చిన నిర్వచనం పుణ్యమా అని, ఒకే రకపు కుండలు, పనిముట్లు, సమాధులు పదేపదే కలిసి కనిపిస్తే వాటి వెనుక ఒక ‘జనం’ ఉన్నట్టు లెక్కించడం పురావస్తు శాస్త్రంలో అలవాటైంది. కొత్త కుండ కనబడితే కొత్త మనుషులు వచ్చినట్టు. కుండ మారకపోతే ఎవరూ రానట్టు. కానేష్ ఈ రెండో అనుమానాన్ని పూర్తిగా పడగొట్టింది. రోగలక్షణం కనబడనంత మాత్రాన రోగం లేదనుకోరాదని వైద్యవిద్యార్థికి మొదటి సంవత్సరాల్లోనే నేర్పుతారు. అమెరికాలో నేనుంటున్న ఇంటిని నాలుగు వేల ఏళ్ళ తరువాత ఎవరైనా తవ్వితే గోడలు, కుర్చీలు, పళ్ళేలు ఏవీ పక్కింటికి భిన్నంగా ఉండవు. గ్రైండర్‌లోని నల్లరాయి ఒక్కటి వారిని కాసేపు తికమక పెట్టవచ్చు.

రాత దొరకని చోట వలసను పట్టుకోవడానికి వంటింట వెదకడం మేలని కొందరంటారు. యూఫ్రటీస్ తీరాన హాజినెబి అనే చోట గిల్ స్టైన్ 1990లలో జరిపిన తవ్వకాలు ఇందుకు చక్కటి ఉదాహరణ. అది కానేష్ కంటే వెయ్యి ఏళ్ళకు పైగా పాతది. దక్షిణ మెసొపొటేమియా నుంచి వచ్చినవారు నివసించిన పేటలో గొర్రె, మేక ఎముకలు ఎక్కువగా ఉంటే స్థానికుల వాడలో పంది, పశువుల ఎముకలూ గణనీయంగా ఉన్నాయి. పైగా వలసవచ్చినవారు తమ దేశంలో వాడినట్టే కాల్చిన మట్టితో చేసిన కొడవళ్ళు వాడారు. తిండి, చేతి అలవాటు తొందరగా మారలేదన్నమాట. కానేష్ వర్తకులో, కుండతో సహా అన్నీ స్థానికంగానే కొనుక్కున్నారు. రెండు సమాజాల వలస రెండు రకాలు.

మరొక దారి దంతాలు. దంతం పైపొర చిన్నతనంలో ఏర్పడి, ఎముకలా మళ్ళీ మళ్ళీ కొత్తది కాదు. చిన్నప్పుడు తిన్న తిండి, తాగిన నీటి ద్వారా ఆ నేల తాలూకు స్ట్రాన్షియం అందులో నిలిచిపోతుంది. దాని ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి, ఆ మనిషి పెరిగినది పాతిపెట్టిన చోటనా, కాదా అన్నది అంచనా వేస్తారు. పద్ధతి గొప్పదే. కాని కానేష్‌లోనే పుట్టిపెరిగిన అష్షూర్ వర్తకుని కొడుకు దంతం అతడిని నూటికి నూరుపాళ్ళు స్థానికుడిగానే చూపుతుంది. తనను తాను ఎవరనుకున్నాడో దంతం చెప్పదు.

మరి వీరిని ఒక సమాజంగా నిలిపినదేమిటి? ఇళ్ళలో, వస్తువులలో కనబడనిది వ్యవహారంలో కనబడుతుంది. మానవశాస్త్రవేత్త ఏబ్నర్ కొహెన్ నైజీరియాలోని ఇబదాన్ నగరంలో హౌసా వర్తకులను అధ్యయనం చేసి, ‘వర్తక డయాస్పొరా’ అన్న భావనను ప్రతిపాదించాడు. దూరదేశపు వ్యాపారంలో అసలు చిక్కు నమ్మకం. ఇక్కడ అరువిచ్చిన సరుకుకు అక్కడ డబ్బు వస్తుందన్న భరోసా ఎవరివ్వాలి? బంధుత్వమూ సమాజమే ఇవ్వాలి. హౌసాలు దీనికోసం వేరు పేట, వేరు ఆచారాలు గట్టిగా పట్టుకున్నారు. అష్షూర్ వారు దుస్తులూ కుండలూ పట్టించుకోలేదు. తమ న్యాయసభను, తమ లిపిని, తమ దేవుడి పేరిట చేసే ప్రమాణాన్ని వదలలేదు. కానేష్ కారుమ్‌లో ‘చిన్నా పెద్దా’ కూడిన సభ తీర్పులు చెప్పేది. అనటోలియా అంతటా సుమారు 40 ఊళ్ళలో ఉన్న వర్తక కేంద్రాలు ఆ సభకు లోబడి ఉండేవి. అందరికీ పైన అష్షూర్ నగరసభ. రాతను కూడా వారు వ్యాపారానికి అనుకూలంగా కుదించుకున్నారు. రెండు వందల లోపు గుర్తులతోనే పని జరిగేది కనుక, వృత్తి లేఖకుల అవసరం లేకుండా వర్తకులు చాలామంది, స్త్రీలు కొందరు, స్వయంగా రాసుకునేవారు. అక్షరదోషాలే అందుకు సాక్ష్యం.

ఇక ఆ ఉత్తరాలు. అష్షూర్ నగరంలో ఈ కాలపు ఇళ్ళలోని ఉత్తరాలు ఇంతవరకూ లభించలేదు. కాబట్టి అక్కడి కుటుంబజీవితం మనకు తెలిసినంత మేరకు వెయ్యి కిలోమీటర్ల అవతల దొరికిన పలకల వల్లనే తెలిసింది. భర్తలు విదేశంలో ఉంటే ఇంటిని, మగ్గాన్ని నడిపినది భార్యలు, అక్కచెల్లెళ్ళు. వారు నేసిన వస్త్రం సుమారు నాలుగు మీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఎంత ఉన్ని వాడాలి, నేత ఎంత ఒత్తుగా ఉండాలి అని కానేష్ నుంచి సూచనలు వచ్చేవి. ఫ్రెంచి పరిశోధకురాలు సెసిల్ మిషెల్ ఈ స్త్రీల ఉత్తరాలన్నిటినీ ఒకచోట చేర్చి ప్రకటించిన తరువాత, ఆ వ్యాపారానికి వీరు సహాయకులు కారనీ, ఉత్పత్తిదారులే వీరనీ స్పష్టమైంది.

పైన చెప్పిన పూషుకేన్ భార్య లమస్సి. తాను పంపిన బట్టలను భర్త వంక పెట్టడం ఆమెకు నచ్చలేదు. వాటి వెల వెండి రూపంలో తనకు చేరాలని పట్టుపట్టింది. నీవు వెళ్ళిన తరువాత ఫలానావారు రెండుసార్లు ఇల్లు కట్టుకున్నారు, మనమెప్పుడు కట్టుకుంటామని మరొకసారి అడిగింది. అమ్మాయి పెద్దదైంది, వచ్చి అష్షూర్ దేవుడికి అర్పించే కార్యం జరిపించమని ఇంకొకసారి. తరామ్‌కూబి అనే ఆమె ఉత్తరం ఇంకా కటువుగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఇంట్లో వెండి మిగల్చకుండా ఊడ్చుకుపోయావు, ఊళ్ళో కరవు వచ్చింది, గింజలు కొనడానికి కూడా ఏమీ ఉంచలేదని భర్తను నిలదీసింది. 1990లలో మా అమ్మ నాకు రాసిన నీలిరంగు ఏరోగ్రాములు ఒక పెట్టెలో ఉన్నాయి. వాటిలోనూ సగం లెక్కలే, మిగతా సగం ఎప్పుడొస్తావన్న ప్రశ్నే. ఈ ఉత్తరాలను చదువుతున్నప్పుడు పరిశోధకులకు ఉండవలసిన నిర్లిప్తత నాకు సాధ్యం కాలేదని ఒప్పుకుంటాను.

ఆ భర్తలలో చాలామందికి అనటోలియాలో రెండో సంసారం ఉండేది. ఇది రహస్యం కాదు, ఒడంబడికల్లో రాసుకున్న సంగతే. ఇద్దరు భార్యలుండవచ్చు, ఇద్దరికీ ఒకే హోదా ఉండరాదు, ఇద్దరినీ ఒకేచోట ఉంచరాదు. లాకీపుమ్ అనే వర్తకుడికీ హతాల అనే అనటోలియా యువతికీ జరిగిన ఒడంబడిక ప్రకారం ఆ దేశంలో అతడు మరొకరిని చేసుకోరాదు. ఎవరు విడాకులు కోరినా ఎదుటివారికి ఐదు మినాల వెండి, అంటే సుమారు రెండున్నర కిలోలు, చెల్లించాలి. జరిమానా ఇద్దరికీ సమానం కావడం గమనార్హం. వయసు మళ్ళిన వర్తకుడు స్వదేశానికి మరలినప్పుడు ఇక్కడి భార్యకు కొంత సొమ్ము ముట్టజెప్పి తెగతెంపులు చేసుకునేవాడు. పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్నది మరొక పత్రం. ఈ విడిపోవడాలను కేవలం చట్టపు సౌలభ్యంగా వర్ణించే వ్యాసాలు నేను చదివాను. హతాల వంటివారి వైపు నుంచి రాసిన ఉత్తరాలు మరిన్ని దొరికి ఉంటే ఆ వర్ణన ఇంత నిశ్చింతగా ఉండేది కాదేమో.

క్రీ.పూ. 1835 ప్రాంతంలో ఆ పేట అగ్నికి ఆహుతైంది. ఇళ్ళు కూలి, పలకలు శిథిలాల కింద నిలిచిపోయాయి. ఆ పైన మళ్ళీ పేట వెలసినా ఇంత వివరంగా రాతలు లభించలేదు.

ఈ పలకలతో ఇప్పుడు చరిత్రకారులు మాత్రమే కాక ఇతరులూ పని చేస్తున్నారు. 2019లో బార్యమోవిచ్ తదితరులు ప్రచురించిన పరిశోధనలో ఆర్థికశాస్త్రజ్ఞుల పద్ధతి ఒకటి వాడారు. రెండు ఊళ్ళ మధ్య దూరం పెరిగేకొద్దీ వ్యాపారం తగ్గుతుందన్న సూత్రాన్ని తలకిందులు చేసి, పలకలలో ఏ ఊరి పేర్లు ఏ ఊళ్ళతో ఎంత తరచుగా జోడుగా వస్తున్నాయో లెక్కించి, ఇంకా ఆచూకీ తెలియని పట్టణాలు ఎక్కడ ఉండి ఉంటాయో అంచనా కట్టారు.

నా వృత్తికి దగ్గరైనది ఇంకొకటి ఉంది. అప్పుపత్రం రాశాక దానికి పలచటి మట్టితో కవరు తొడిగి, దాని మీద సాక్షుల ముద్రలు వేసేవారు. కవరు పగలకుండా ఉన్నంతకాలం పత్రం చెల్లుబాటులో ఉన్నట్టే. అప్పు తీరితే పత్రాన్ని ‘చంపేవారు’. అది వారి మాటే. లోపలిది చదవాలంటే కవరు పగలగొట్టాలి, పగలగొడితే ముద్రలు పోతాయి. అందువల్ల మ్యూజియంలలో ఎన్నో కవర్లు అలాగే ఉండిపోయాయి. ఇటీవల హాంబర్గ్ విశ్వవిద్యాలయం వారు చోటు మార్చుకోగల సిటి స్కానర్ ఒకటి తయారుచేసి, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకు, తరువాత అంకారాకు తీసుకువెళ్ళారు. మనం రోగి కడుపును పొరలు పొరలుగా చూసినట్టే మట్టి లోపలి అక్షరాలను చూస్తున్నారు. కవరు చెక్కుచెదరని అప్పుపత్రాలన్నీ నాటి న్యాయం ప్రకారం ఇంకా తీరని అప్పులే.